లావు కడ్డీ

నాగరత్న కారు మలుపుల్లో ఒరుగుతుంది. ఆమెకున్న బాధల్లో అదే పెద్దది.

కాస్త ఒరిగితే ఎవరూ పట్టించుకోరు. ఇది కిక్కిరిసిన పల్లె బస్సులా ఒరుగుతుంది. కుడికి తిప్పితే ఒళ్ళంతా ఎడమకు వాలి, వెనక కుడి చక్రం నేల వదిలి గాల్లోకి లేస్తుంది. పోయిన నెల పోటీలో ఎవరో పనిలేనివాడు సరిగ్గా ఆ క్షణాన ఫోటో తీసి, పోటీదారులంతా ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద ఇంకొకడు "తాడిపత్రి షేర్ ఆటో వచ్చింది, ఎక్కండి" అని రాశాడు. ఇక నవ్వే బొమ్మలకి అంతులేదు.

ఆ పోటీలో ఆమెది రెండో స్థానం. ఆ ముక్క మాత్రం ఎవరూ రాయలేదు.

నాగరత్నకు పొగరని చాలామంది అంటారు. వాళ్ళు అబద్ధమేమీ చెప్పడం లేదు. తాడిపత్రిలో బండల లారీలు తిప్పే ఇంట్లో పుట్టింది. పెడళ్ళకి కాళ్ళు అందీ అందని వయసులోనే తండ్రి లారీని ఇరుకు సందులోంచి వెనక్కి తీసి, వీధంతా నోరెళ్ళబెట్టేలా చేసింది. ఇప్పుడు ఉస్తాద్ దాదాపీర్ బడిలో అందరికంటే ముందున్న శిష్యురాలు. ఇన్ని ఉన్న మనిషికి కాస్త పొగరుంటే ఉండనివ్వండి. ఏమీ లేనివాళ్ళలోనే ఎంతెంత చూస్తున్నాం!

ఆ బడి సంగతి కూడా చెప్పాలి. తాడిపత్రి దాటి కొంతదూరం పోతే, ఎప్పుడో మూతపడిన ఒక ఫ్యాక్టరీ తాలూకు లారీ యార్డు ఉంది. కనుచూపు మేర సిమెంటు నేల. దాని మీద నారింజ రంగు ప్లాస్టిక్ కోన్‌లు నిలబెడతారు. వాటి మధ్య మలుపులు తిరుగుతూ ఒక్కో కారే పోవాలి. పక్కన ఇంకో కారు ఉండదు, పోటీ గడియారంతోనే. కోన్ తగిలితే ఆ తప్పుకింద సమయం కలుపుతారు. ఆటోక్రాస్ అంటే ఇంతే. చూసేవాళ్ళకి పిల్లల ఆటలా ఉంటుంది, నడిపేవాళ్ళకి నోట్లో తడి ఆరిపోతుంది.

ఉస్తాద్ దాదాపీర్ ఒకప్పుడు పేరుమోసిన ర్యాలీ డ్రైవరు. ఒక కొండదారిలో కారుతో సహా లోయలోకి జారి, తుంటి విరిగాక పోటీలు మాని ఈ బడి పెట్టారు. తెల్లటి లాల్చీ పైజమా, చేతిలో కర్ర, మాట తక్కువ. ఎంత తక్కువంటే, "ఉస్తాద్, ఏ టైర్లు వెయ్యాల?" అని అడిగితే "నీ బండి" అంటారు. "ఈ మలుపులో ఏ గేరు?" అని అడిగినా "నీ బండి" అనే అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఈయనకి ఏమీ రాదేమో అనుకుంటారు. ఆ అనుమానం నిదానంగా తీరుతుంది. కొందరు అది తీరేలోపే మానుకుంటారు.

ఏటా ఈ బడి నుంచి ఒక్కరే దక్షిణాది పోటీకి పోతారు. ఒక్కరంటే ఒక్కరే, అది ఉస్తాద్ పెట్టుకున్న నియమం. పోయినేడు ఒక్క కోన్ తగిలి రత్నకు ఆ అవకాశం జారిపోయింది. ఈ ఏడు కూడా పోలేకపోతే ఈ పందేలన్నీ మాని లారీల ఆఫీసులో కూర్చుంటానని తండ్రికి మాటిచ్చింది. ఆయన ఆ మాట మర్చిపోయే మనిషి కాదు. ఆఫీసులో కుర్చీ తుడిపించి పెట్టాడు కూడా.

ఎంపిక ఆదివారం పొద్దున. శుక్రవారం రత్న గోనెపట్టాలో చుట్టిన ఒక ఉక్కు కడ్డీని తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టింది.

కారు ముందు చక్రాలు రెండింటినీ ఒక కడ్డీ అడ్డంగా కలిపి ఉంచుతుంది. మలుపులో బండి ఒక పక్కకి వాలబోతే ఆ కడ్డీ మెలిపడి, వాలకుండా పట్టుకుంటుంది. పుస్తకాల్లో దాన్ని యాంటీ రోల్ బార్ అంటారు, బడిలో మాత్రం ఉత్త కడ్డీ. వీళ్ళు పోటీ పడే తరగతిలో కారు కింద ఇంకేదీ మార్చకూడదు. ఈ ముందు కడ్డీ ఒక్కటి మాత్రం ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకోవచ్చు. మార్చగలిగేది ఒక్కటే కాబట్టి బడిలో సగం తగాదాలు దాని గురించే.

"పూణే నుంచి తెప్పించినా ఉస్తాద్. ఇంక నా బండి ఒరగదు" అంది రత్న.

ఉస్తాద్ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశారు. చూపుకి పాత కడ్డీకీ దీనికీ తేడా చిటికెనవేలి గోరంత. కానీ ఉక్కు లెక్క వేరు. గోరంత లావెక్కితే బిగువు రెట్టింపవుతుంది.

"మంచి ఉక్కు" అన్నారు.

"పెట్టేదా?"

"నీ బండి."

ఆ మాటకి అర్థం బడిలో అందరికీ తెలుసు: నీ ఇష్టం, ఆ తర్వాత నీ ఖర్మ. రత్న మొదటి సగమే విని, అప్పుడే జాకీ కోసం కేకేసింది.

జాకీ తెచ్చింది కుళ్ళాయప్ప. గుత్తిలో బ్యాంకు ఉద్యోగి, బడిలో రత్న తర్వాత చేరినవాడు. ఆదివారం ఆమెకు గట్టి పోటీ ఇచ్చేది ఇతనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అతను ఆమెను అక్కా అనడం మానలేదు, ఆమె అతని చేత జాకీలు మోయించడమూ మానలేదు. ఈ బడిలో ఎవరి బోల్టులు వాళ్ళే తిప్పుకోవాలి, కానీ కడ్డీ మార్చడానికి కారు కింది ఫ్రేము దించేటప్పుడు ఇంకో మనిషి పట్టుకోవచ్చు. సాయంత్రానికి లావు కడ్డీ కారు కిందికి ఎక్కింది.

శనివారం పొద్దున రత్న యార్డులో మొదటి చుట్టు తిరిగింది. తిరిగి వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

బండి ఒరగలేదు. తాడిపత్రి బండ పరిచినట్టు నాలుగు చక్రాల మీదా చదునుగా పోయింది. స్టీరింగ్ ఇటు అంటే చాలు, కారు అప్పుడే అటు తిరిగి ఉంది. సీట్లో ఆమె ఒళ్ళు కూడా కదల్లేదు. ఇన్నాళ్ళూ ఈ సుఖం తెలియక ఎంత అవస్థ పడ్డానో కదా అనుకుంది.

"అక్కా, బల్ల మాదిరి పోతాండాది" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఫోటో తియ్యి."

తీశాడు. పెద్ద కుడి మలుపులో, నాలుగు చక్రాలూ నేల మీద, కారు నిటారుగా, వెనక దుమ్ము. రత్న దాన్ని గ్రూపులో పెట్టి కింద రాసింది: "ఇప్పుడు నవ్వండి." బొటనవేళ్ళూ చప్పట్లూ వరసపెట్టి వచ్చాయి. షేర్ ఆటో అన్నవాడు కూడా ఒక దండం పెట్టాడు. ఆమె కడుపు నిండిపోయింది.

"ఎంత వచ్చింది?" అని అప్పుడు అడిగింది.

కుళ్ళాయప్ప గడియారం వైపు చూసి, ఆమె వైపు చూసి, మళ్ళీ గడియారం వైపు చూశాడు.

"పోయిన వారం కంటే ఒక సెకను ఎక్కువ."

"నువ్వు సరిగ్గా నొక్కలేదు."

"నొక్కినా అక్కా."

"మళ్ళీ పట్టు."

మళ్ళీ అదే. టైర్లు చల్లగా ఉన్నాయంది. అవి వేడెక్కాక మళ్ళీ పోయింది, అదే. నేల మీద దుమ్ముందంది. కుళ్ళాయప్ప చీపురు తెచ్చి మలుపంతా ఊడ్చాడు. అయినా అదే. చివరికి అతన్ని అతని కారులో పొమ్మంది, అదీ కోపంగానే. అతని కారుకి కంపెనీ ఇచ్చిన సన్న కడ్డీయే ఉంది, మలుపుల్లో అదీ నడుం వంచుతుంది. అతను ఆమె కంటే తక్కువ సమయంలో వచ్చాడు. దిగేటప్పుడు తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు.

రత్నకి తల కొట్టేసినట్టయింది. ఆదివారం అంటే రేపే.

ఉస్తాద్ షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూనే ఉన్నారు. రత్న ఆయన దగ్గరికి నడిచింది.

"నా టైర్లు అయిపోయినాయి ఉస్తాద్. పట్టు లేదు వాటికి. కడ్డీ మాత్రం బ్రహ్మాండం."

ఉస్తాద్ కర్ర ఆనుకుని లేచారు. షెడ్డులో ఒక బొచ్చెలో ఎప్పుడూ సున్నప్పొడి ఉంటుంది. ప్రతి కోన్ అడుగు చుట్టూ దానితో గీత గీస్తారు, కారు తగిలి కోన్ కదిలితే ఆ గీత పట్టిస్తుంది. ఆ బొచ్చె చంకలో పెట్టుకుని, ఎండలో కుంటుకుంటూ పెద్ద కుడి మలుపు దాకా పోయారు. మలుపు ముగిసి కారు నిదానంగా నేరు దారిలోకి వచ్చే చోట, దారికి అడ్డంగా ఒక చాప వెడల్పున సున్నం పలచగా చల్లారు.

"దీని మీద పో పాపా."

"జారదా ఉస్తాద్?"

"అందరికీ ఒకటే సున్నం."

రత్న పోయింది. పంతం పట్టి, ఉన్నదంతా పెట్టి పోయింది. పెద్ద మలుపులో కారు చదునుగా నిలబడింది. మలుపు నడిమికి రాగానే, ఎప్పుడూ చేసినట్టే, కాలు యాక్సిలరేటర్ మీద గట్టిగా పడింది. టైరు కీచుమంది. సున్నం తెల్లగా లేచి వెనకపడింది.

కారు ఆపి వచ్చేసరికి ఉస్తాద్ ఆ పట్టీ పక్కన నిలబడి ఉన్నారు. కర్ర కొసతో నేల చూపించారు.

"చదువు."

మలుపులో కారు పోతే వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో పడవు, కొంచెం లోపలగా పోతాయి. అందుకని సున్నం మీద నాలుగు జాడలున్నాయి. ఎడమవైపు రెండూ ముద్రగుద్దినట్టు స్పష్టంగా ఉన్నాయి, టైరు గాడులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. లోపలివైపు వెనక చక్రం జాడ సన్నగా ఉన్నా శుభ్రంగానే ఉంది. నాలుగోది జాడ కాదు. అక్కడ సున్నం చెదిరిపోయి, నేల కనబడేలా ఒక గీరుడు. గచ్చు మీద పడినదాన్ని ఎవరో అరచేత్తో ఇటూ అటూ తుడిచినట్టుంది.

అది లోపలి ముందు చక్రం. కారును లాగే రెండు చక్రాల్లో ఒకటి.

రత్న మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోటోలో నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. నేలకు మాత్రం నాలుగో చక్రం బరువు తెలియలేదు. లావు కడ్డీ బండిని ఒరగనివ్వలేదు నిజమే. ఒరగకుండా పట్టుకోవడంలో లోపలి ముందు చక్రం బరువు తేలిపోయింది. ఆమె కాలు తొక్కిన బలమంతా ఆ చక్రం దగ్గర ఊరికే తిరిగి, సున్నం తుడిచి, పోయింది.

ఆ గీరుడు మీద వేలు పెట్టి చూసింది.

"అయితే ఈ కడ్డీదే తప్పు ఉస్తాద్. తీసి పారేస్తా."

ఉస్తాద్ చెయ్యి చాపారు.

"తాళం."

రత్న అర్థం కాక చూసింది. ఆయన చెయ్యి అలాగే ఉంది. తాళం ఇచ్చింది.

కర్రను కుళ్ళాయప్ప చేతికిచ్చి, బాగున్న కాలు ముందు పెట్టి, రెండో కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నారు ఉస్తాద్. సీటు కొంచెం వెనక్కి జరిపారు. తర్వాత కిటికీలోంచి కుళ్ళాయప్పతో "ఇంకో పట్టీ పొయ్యి" అన్నారు.

కుళ్ళాయప్ప పాత పట్టీకి కాస్త అవతల కొత్తగా సున్నం చల్లి వచ్చి రత్న పక్కన నిలబడ్డాడు.

"ఉస్తాద్ నడపంగా నేను ఎప్పుడూ చూడలే అక్కా."

"నేనూ చూడలే."

కారు బయలుదేరింది. ఇద్దరూ మొదట నిరాశపడ్డారు. గొడవ లేదు, కీచులు లేవు. పెద్దాయన సంతకు పోయి వస్తున్నంత తాపీగా కనబడింది. కోన్‌ల మధ్య కారు ఇటూ అటూ తిరుగుతుంటే ఎవరో ముందుగానే దారి చెప్పి పెట్టినట్టుంది. పెద్ద కుడి మలుపులోకి రత్న కంటే ఆలస్యంగా దిగారు. ఒక క్షణం కారు ఏమీ చెయ్యడం లేదనిపించింది. తిరిగిందంతా తిరిగాక, ముందు చక్రాలు నేరుగా అయ్యాక, అప్పుడు ఇంజను గొంతు మారింది. సున్నం మీదుగా కారు దూసుకుపోయింది. తెలుపు లేవలేదు.

కుళ్ళాయప్ప గడియారం ఆపి, రత్న వైపు తిప్పాడు. ఆమె చూసింది. చూడకపోయినా బాగుండేది. అదే కారు, అయిపోయాయన్న అవే టైర్లు, పారేస్తానన్న అదే కడ్డీ. ఈ యార్డులో ఆమె ఎప్పుడూ రానంత తక్కువ సమయంలో ఆయన వచ్చారు, ఒక కాలు సరిగ్గా పనిచెయ్యని మనిషి.

ఆమె సున్నం దగ్గరికి పరుగెత్తింది. చూసి నిలబడిపోయింది.

"రెండే జాడలున్నాయి" అంది. "తక్కిన రెండు యాడికి పోయినాయి?"

కుళ్ళాయప్ప కూడా వంగి చూశాడు. రత్న మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నేలకి దగ్గరగా పెట్టి చూసింది. అప్పుడు కనబడింది. ఎడమ ముందు చక్రం జాడ మీదే ఎడమ వెనక చక్రం జాడ పడింది. కుడివైపూ అంతే. నాలుగు చక్రాలూ రెండు దారుల్లోనే పోయాయి. కారు తిరుగుతూ ఉంటే అలా పడవు. సున్నం దగ్గరికి వచ్చేసరికే ఆయన తిరగడం అయిపోయింది. ఆ తర్వాతే కాలు మోపారు.

ఆమె అట్లా చెయ్యదు. తిరుగుతూనే తొక్కుతుంది. లారీల యార్డులో చిన్నప్పటినుంచీ అదే చేసింది, అందులోనే తన వేగం ఉందనుకుంది. పాత సన్న కడ్డీ ఆ తొందరను భరించి, ఒళ్ళు వంచి, లోపలి ముందు చక్రాన్ని నేల మీద ఆనించి పెట్టేది. ఈ లావుది భరించదు.

ఉస్తాద్ కారు దిగి కర్ర తీసుకున్నారు. రత్న లేచి మోకాళ్ళ సున్నం దులుపుకుంది.

"రేపటికి ఏది పెట్టాల ఉస్తాద్?"

"నీ బండి" అన్నారు ఆయన. రెండడుగులు నడిచి ఆగారు. "నీ కాలు."

ఇంక షెడ్డువైపు పోయి నమాజుకు చాప పరుచుకున్నారు.

ఎండ వాలేదాకా రత్న ప్రయత్నించింది. మలుపులో కాలిని ఆగమని చెబితే అది ఆగేది, కానీ ఆగిన కాలును చూసుకుంటూ చేతులు దారి తప్పేవి. చేతులు సరిగ్గా ఉంటే కాలు ముందే పడిపోయేది. ఒక్కసారి మాత్రం రెండే జాడలు వచ్చాయి. ఆనందంగా గడియారం చూస్తే, నడిచి వచ్చినా అంతే పట్టేదేమో అన్నంత సమయం. ఉస్తాద్ చేసినది కష్టమైనదని కాదు. అది ఆయన ఒంట్లో ఉంది, ఈమె ఒంట్లో ఇంకా లేదు. ఒక సాయంత్రంలో రాదు.

కారు ముందు బంపరుకు ఆనుకుని కూర్చుంది. ఫోను తీస్తే గ్రూపులో ఆమె ఫోటో కింద ఇంకా చప్పట్లు పడుతున్నాయి. "ఇప్పుడు నవ్వండి" అన్న తన మాట తనకే గుచ్చుకుంది. లావు కడ్డీతో రేపు ఓడిపోతే టైర్ల మీద తోసెయ్యొచ్చు, ఎండ మీద తోసెయ్యొచ్చు, బండి మాత్రం ఫోటోల్లో రాజాలా ఉంటుంది. సన్న కడ్డీ పెడితే, గెలిచినా నవ్వుతారు. మాట మింగినందుకు ఇంకా నవ్వుతారు.

ఇటు ఆ నవ్వు, అటు తండ్రి తుడిపించి పెట్టిన కుర్చీ.

రత్న లేచి స్పానర్ల డబ్బా తెరిచింది.

చప్పుడు విని కుళ్ళాయప్ప జాకీ తెచ్చి కారు పక్కన పెట్టాడు. తన కారు తాళం చేతిలోనే ఉంది, ఇంటికి పోవలసినవాడు.

"నువ్వు పో నాయనా" అంది రత్న. "ఇది సర్దితే రేపు నీకే ఎసరు."

"తెలుసు."

"మరి?"

"ఫ్రేము ఒక్కదానివే దించలేవు కదక్కా" అని కారు కిందికి దూరాడు.

ఆదివారం పొద్దున యార్డు నిండింది. అనంతపురం నుంచీ కడప నుంచీ కూడా జనం వచ్చారు. ఫోటోలవాడు వచ్చాడు. షేర్ ఆటో అన్నవాడు కూడా తాపీగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రత్న తండ్రి రాలేదు, ఆయన ఫలితం ఫోన్లో తెలిస్తే చాలనుకున్నాడు.

ముందు కుళ్ళాయప్ప పోయాడు. ఒక్క కోన్ కూడా తగలకుండా, అతను ఇంతవరకూ ఎప్పుడూ రానంత వేగంగా వచ్చాడు. జనం ఈలలు వేశారు. రత్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆమె.

మొదటి మలుపులోనే కారు ఒళ్ళంతా వాల్చింది. గట్టున ఎవడో "మళ్ళీ ఒరిగిందిరోయ్" అన్నాడు. నవ్వు మొదలైంది. తెరిచిన కిటికీలోంచి ఆమెకి అది వినబడింది. నిన్నటి మనిషికైతే ఆ నవ్వుకు చేతులు బిగుసుకునేవి. ఇవాళ ఆమె చేతులకి వేరే పనుంది. ఒరగనీ అనుకుంది. ఇది నా బండి, ఇది నా కాలు, నా తొందర కూడా నాదే, దాన్ని భరించే కడ్డీని నేనే ఏరుకున్నా. కోన్‌లు ఒకదాని వెనక ఒకటి తప్పుకున్నాయి. పెద్ద కుడి మలుపులో వెనక చక్రం గాల్లోకి లేచింది. లోపలి ముందు చక్రం మాత్రం నేలను పళ్ళతో కరిచి పట్టుకుంది. కాలు తొక్కగానే కారు ముందుకు ఉరికింది, తొక్కినంతా ముందుకే. ఆమె నోట్లోంచి ఒక కేక వచ్చింది. అది భయం కేక కాదు. లారీ వెనక్కి తీసిన రోజు ఇట్లాగే కేకేసింది.

గీత దాటాక నవ్వు వినబడలేదు. సమయం చదివిన మనిషి రెండోసారి చదవవలసి వచ్చింది.

కుళ్ళాయప్ప కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"నువ్వు మూడు చక్రాల మీద పోతివి అక్కా" అన్నాడు. "నాకు నాలుగుండీ చాల్లేదు."

రత్న అతని తల మీద మెల్లగా ఒకటి వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. తల ఎత్తుకుని జనం మధ్యగా నడిచింది. షేర్ ఆటో అన్నవాడి కుర్చీ ముందు కాసేపు ఆగింది కూడా.

ఉస్తాద్ లేచి నిలబడ్డారు. ఏటా ఈ ఒక్కసారే ఆయన జనం ముందు మాట్లాడతారు.

"రత్న పోతాది" అన్నారు. కూర్చున్నారు.

మాట తక్కువ మనిషి కాబట్టి ఆ ఒక్క మాటలో ఆయన గొంతు కొంచెం మారడం బడిలో అందరూ గమనించారు. ఆ మార్పు దేనివల్లో, గెలిచినందుకా, సన్న కడ్డీతో గెలిచినందుకా, ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు.

జనం వెళ్ళిపోయాక రత్న షెడ్డు సర్దుతోంది. తండ్రికి ఫోన్ చేసింది. ఆయన "సరేలే, కుర్చీ యాడికీ పోదులే" అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. గోడకు ఆనించిన లావు కడ్డీ ఆమె కాలికి తగిలింది. ఎత్తి చూసింది. దాని మీద కోపం లేదిప్పుడు.

"ఉస్తాద్, దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తా" అంది. "నాకు సరిపోలేదు కదా."

ఉస్తాద్ చెయ్యి చాపి కడ్డీని తీసుకున్నారు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అరచెయ్యి ఆనించి, తడుముతూ పోయారు. బోల్టు పట్టిన చోట రంగు కొంచెం లేచి ఉక్కు కనబడుతోంది. అక్కడ బొటనవేలితో రుద్ది చూశారు.

"గ్రీజు రాసి పెట్టు" అన్నారు, కడ్డీ తిరిగి ఆమె చేతుల్లో పెడుతూ. "తుప్పు పట్టకూడదు."

రత్న ఆయన మొహంలోకి చూసింది. ఆయన అప్పటికే కర్ర కోసం వెతుక్కుంటున్నారు.

ఆమె కడ్డీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, గ్రీజు డబ్బా మూత తీసింది.